వైకీకీ అలల మీద జాక్ లండన్ దంపతులు

పోయిన సంక్రాంతికి రుషికొండలో నాన్న, చెల్లి, నేను సర్ఫింగ్ నేర్చుకుందామని దిగాం. ముగ్గురం ఉప్పునీళ్లు తాగి బయటికొచ్చాం.

1907లో అమెరికన్ రచయిత జాక్ లండన్, ఆయన భార్య చార్మియన్ హవాయిలోని వైకీకీలో ఇలాగే మొదలెట్టారు. లండన్‌కి నేర్పింది అలెగ్జాండర్ ఫోర్డ్. పడినా లేచినా ఆయన నీళ్లు వదల్లేదు. ఎండకి ఒళ్లు కాలి మంచమెక్కాడు. దాని మీద వ్యాసం రాసింది కూడా మంచంలోనే! అది చదివి చాలామంది అమెరికన్లకి సర్ఫింగ్ తెలిసింది.

కానీ ఈ ఆట హవాయి వాళ్లది కదా. వాళ్ల రాణి లిలియువోకలానిని 1893లోనే గద్దె దించేశారు. 1908లో ఫోర్డ్ పెట్టిన అవుట్‌రిగ్గర్ క్లబ్‌లో ఎక్కువమంది తెల్లవాళ్లే. సొంత సముద్రంలో వీళ్లే బయటివాళ్లన్నమాట. 1911లో డ్యూక్ కహనమోకు, స్నేహితులు హుయ్ నాలు అని సొంత క్లబ్ పెట్టుకున్నారు. మరుసటేడు ఒలింపిక్స్ 100 మీటర్ల ఈతలో డ్యూక్ గోల్డ్ కొట్టాడు.