పోలీసు జట్టులో మన అభిమాన ఆటగాళ్ళు

ఈ సంచికలో మన చెంచు పెద్దల అడవి వైద్యం గురించి, సుగాలీ ఆడబిడ్డల అద్దాల కుట్టుపని గురించి, తీజ్ పండగ గురించి తోటివాళ్ళు రాస్తున్నారు. ఆటల మీద కూడా ఒక వ్యాసం ఉంటే బాగుంటుందని సంఘం పెద్దలు అడిగినప్పుడు మేము ఫుట్‌బాల్‌ను ఎంచుకున్నాం. అందులోనూ పాత హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును ఎంచుకున్నాం. చిన్నప్పటి నుంచి మేము అభిమానించిన జట్టు అది.

నల్లమల అంచున మహానందిలో కూర్చుని హైదరాబాద్ పోలీసుల ఆట ముచ్చట మనకెందుకని కొందరికి అనిపించవచ్చు. అందులో న్యాయం లేకపోలేదు. మన తాతల కాలంలో పోలీసు టోపీ కనబడితే గూడెం గూడెమే అడవిలోకి జారుకునేది. క్రిమినల్ ట్రైబ్స్ చట్టం మన గిరిజన తెగల్లో కొన్నిటిని పుట్టుకతోనే నేరస్తులని రాసిపెట్టింది. దేశమంతటా ఆ చట్టం రద్దయింది 1952 ఆగస్టు 31న. అదే కాలంలో హైదరాబాద్‌లో కొందరు పోలీసులు బంతి తన్నుతూ దేశంలోని పెద్ద పెద్ద జట్లను ఓడిస్తున్నారు. వాళ్ళలో ఎక్కువమంది మన లాంటి పేద ఇళ్ళ పిల్లలే. ఆ జట్టు ఎట్లా పెరిగిందో, ఎట్లా తగ్గిందో తెలుసుకుంటే ఈనాటి మన పిల్లలకు పనికొచ్చే మాట ఒకటి దొరుకుతుందని మా నమ్మకం.

జట్టు కథ

హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు పేరు నగరం బయట వినబడింది 1943లో, బెంగళూరులో యాష్ గోల్డ్ కప్ గెలిచినప్పుడు. స్వాతంత్ర్యం వచ్చాక డ్యూరాండ్ కప్ మళ్ళీ మొదలైంది 1950లో. ఆ ఏడాది ఫైనల్లో ఎదురుగా నిలబడింది కలకత్తా మోహన్ బగాన్. మొదటి రోజు ఆట సమంగా ముగిసింది. మళ్ళీ ఆడిన పోటీలో పోలీసు జట్టు 1-0తో గెలిచింది. అదే ఏడాది బొంబాయిలో రోవర్స్ కప్ కూడా గెలిచింది. అక్కడితో ఆగలేదు. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్ళు రోవర్స్ కప్పు హైదరాబాద్‌కే వచ్చింది. డ్యూరాండ్ కప్ 1950, 1954, 1957, 1961లలో నాలుగు సార్లు గెలిచింది.

ఈ లెక్క చూసి ఇదేదో పెద్ద డబ్బున్న క్లబ్ అనుకుంటారేమో. కానే కాదు. కలకత్తా క్లబ్బులకు లక్షల అభిమానులు, జమీందారుల అండ, సొంత మైదానాలు ఉండేవి. ఈ జట్టుకు ఉన్నదల్లా ఒక ప్రభుత్వ శాఖ, ఆటగాడికి నెలనెలా అందే పోలీసు జీతం, పొద్దున్నే సాధన, ఒక మేష్టారు. అంతే.

రహీం మేష్టారు

ఆ మేష్టారు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. కాచిగూడ, చంచల్‌గూడ వంటి చోట్ల బడుల్లో పాఠాలు చెప్పారు. 1943 నుంచి చనిపోయేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా ఉన్నారు. పోలీసు జట్టుకు ఆట నేర్పింది ఆయనే, భారత జట్టుకు నేర్పింది కూడా ఆయనే. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లోనూ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లోనూ మన దేశానికి బంగారు పతకం వచ్చింది ఆయన చేతుల మీదుగానే. 2024లో వచ్చిన హిందీ సినిమా ‘మైదాన్’ ఆయన కథే.

రహీం మేష్టారు చేసిన పనుల్లో మాకు అన్నిటికంటే నచ్చింది చిన్న పిల్లలకు పెట్టిన పోటీలు. ఒక పోటీలో అలవాటు లేని కాలితోనే బంతి తన్నాలి. ఇంకో పోటీలో బంతిని కాలి దగ్గర పెట్టుకుని ఒక్కడే పరిగెత్తకూడదు, వెంటనే తోటివాడికి అందించాలి. వీటికి ఖర్చేమీ లేదు. బంతి, నేల, నేర్పేవాడు ఉంటే చాలు. ఈ పద్ధతి మన ఆశ్రమ పాఠశాలల్లో రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు.

మా అభిమాన ఆటగాళ్ళు

నూర్ మహమ్మద్, అజీజుద్దీన్. ఈ ఇద్దరినీ విడదీసి చెప్పలేం. నూర్ మధ్య వరుసలో ఎడమ పక్క ఆడేవారు, అజీజ్ వెనక వరుసలో కాపు కాసేవారు. ఇద్దరూ 1952 హెల్సింకి ఒలింపిక్స్‌కు వెళ్ళారు. అక్కడ యుగోస్లావియా చేతిలో మన జట్టు 10-1తో చిత్తుగా ఓడింది. ఆ చలిలో మనవాళ్ళు చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. అంత పెద్ద దెబ్బ తిన్నవాళ్ళు ఇంక ఆట మానేస్తారనుకుంటాం. ఈ ఇద్దరూ మానలేదు. నాలుగేళ్ళ తర్వాత 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు మళ్ళీ వెళ్ళారు. అప్పటికి రహీం మేష్టారు హెల్సింకిలో బంగారు పతకం గెలిచిన హంగరీ ఆట తీరును గమనించి మన జట్టుకు అలవాటు చేశారు. సెమీ ఫైనల్లో మళ్ళీ అదే యుగోస్లావియా ఎదురైంది. ఓడాం, అయితే ఈసారి 4-1తో. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీ ఫైనల్ దాకా వెళ్ళిన మొదటి ఆసియా దేశం మనదే. పది గోల్స్ తిన్నవాళ్ళు నాలుగేళ్ళలో అక్కడికి చేరుకున్నారంటే ఆ నాలుగేళ్ళూ వాళ్ళ కడుపుకు కూడు ఉంది, కాలికి పని ఉంది, పక్కన చెప్పేవాడు ఉన్నాడు.

జుల్ఫికరుద్దీన్. మెల్‌బోర్న్‌కు వెళ్ళిన జట్టులో చిన్న వయసు కుర్రాళ్ళలో ఒకరు. 1936లో పుట్టారు, అంటే ఇరవై ఏళ్ళకే ఒలింపిక్స్. ఇరవై ఏళ్ళ కుర్రాణ్ణి ప్రపంచం ముందుకు పంపే ధైర్యం ఆ రోజుల్లో ఉండేది. మన పిల్లలకు ఇరవై ఏళ్ళు వచ్చేసరికి ఏ ఇటుక బట్టీ దగ్గరో, ఏ తోటలో అరటి గెలలు మోస్తూనో కనబడుతున్నారు. అందుకే ఈ పేరు మాకు గుర్తుండిపోయింది.

తులసీదాస్ బలరాం. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ ఊరివారు. ఇంట్లో పేదరికం. పాత పోలీసు బూట్లు చెప్పులు కుట్టేవాడికి ఇచ్చి వాటినే ఆట బూట్లుగా మార్పించుకున్నారని ఆయన జీవితం తెలిసినవాళ్ళు చెబుతారు. అమ్ముగూడ నుంచి నగరంలో మైదానానికి రావడానికి చేతిలో డబ్బుల్లేవంటే అద్దె సైకిలుకు డబ్బులిచ్చి పిలిపించుకున్నది రహీం మేష్టారే. కొంతకాలం పోలీసు జట్టుకు ఆడి తర్వాత కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళిపోయారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టారు. 1962లో అర్జున అవార్డు అందుకున్నారు. ఊపిరితిత్తుల జబ్బుతో 1963లోనే ఆట ఆపేయాల్సి వచ్చింది. 2023 ఫిబ్రవరిలో కన్నుమూశారు. పేద ఇంటి పిల్లవాడికి, మైదానానికి మధ్య అడ్డం వచ్చేది చాలాసార్లు ప్రతిభ కాదు, సైకిలు అద్దె. బలరాం గారి కథలో మేము నేర్చుకున్నది ఇది.

యూసుఫ్ ఖాన్. గడ్డంతో ఉండే ఈ పోలీసు ఆటగాడు జట్టుకు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ ఆడేవారు. ముందు వరుస, మధ్య వరుస, వెనక వరుస, ఎక్కడ నిలబెట్టినా సరే అనేవారు. రోమ్ ఒలింపిక్స్ ఆడారు. జకార్తాలో బంగారు పతకం గెలిచిన జట్టులో ఉన్నారు. 1966లో అర్జున అవార్డు వచ్చింది. చివరి రోజుల్లో జబ్బుతో, డబ్బు ఇబ్బందితో బాధపడి 2006లో చనిపోయారు. దేశానికి బంగారం తెచ్చిన మనిషి ముసలితనంలో మందులకు వెతుక్కోవాల్సి వచ్చిందంటే ఆ బాధ మన ఊళ్ళ కళాకారులకు, పాటగాళ్ళకు బాగా తెలిసినదే.

ఒక నెల తేడాతో

చాలామందికి తెలియని విశేషం ఒకటి ఇక్కడ చెప్పాలి. ఆ జట్టు వరుసగా రోవర్స్ కప్పులు గెలుస్తున్నప్పుడు హైదరాబాద్ మనకు పరాయి రాష్ట్రం. మన మహానంది మద్రాసు రాష్ట్రంలో ఉండేది. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చి మన కర్నూలే రాజధాని అయింది. 1956 నవంబర్ 1న రెండూ కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. సరిగ్గా నెల తర్వాత, డిసెంబర్ 1న మెల్‌బోర్న్‌లో మన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టారు. ఆ జట్టులోని నూర్, అజీజ్, జుల్ఫికర్, బలరాంలు నెల రోజుల కిందటే మన రాష్ట్రం వాళ్ళయ్యారు. రాజధాని కర్నూలు నుంచి పోయిందన్న దిగులు మన సీమలో ఉన్న రోజులవి. అయినా ఒలింపిక్స్‌లో ఆడినవాళ్ళు మనవాళ్ళేనని చెప్పుకునే అవకాశం కూడా అప్పుడే దక్కింది.

ఎందుకు తగ్గింది

1963 జూన్‌లో రహీం మేష్టారు క్యాన్సర్‌తో పోయారు. అప్పటికి ఆంధ్రప్రదేశ్ పోలీస్‌గా పేరు మారిన జట్టు ఇంకొంత కాలం గెలుస్తూనే వచ్చింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ కూడా గెలిచింది. ఆ జట్టులో ఆడిన మహమ్మద్ హబీబ్ కలకత్తాకు వెళ్ళిపోయి అక్కడే గొప్పవాడయ్యారు. నయీముద్దీన్ కూడా అంతే. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కంచు పతకం తెచ్చిన జట్టుకు ఆయనే కెప్టెన్. కలకత్తాలో డబ్బు ఉంది, పేరు ఉంది. వెళ్ళినవాళ్ళను తప్పుపట్టలేం. అయితే వెళ్ళినవాళ్ళ స్థానంలో కొత్తవాళ్ళను తయారుచేసే మేష్టార్లు కరువయ్యారు. ఆట వల్ల ఉద్యోగం వస్తుందన్న నమ్మకం సన్నగిల్లింది. తర్వాత క్రికెట్ వచ్చి ఊరూరా మైదానాలను ఆక్రమించుకుంది.

డబ్బుతో జట్టు కొనవచ్చు. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో గోవాలో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. మేమూ సంతోషించాం. 2025లో ఆ క్లబ్ ఢిల్లీకి తరలి పేరు కూడా మార్చుకుంది. కొన్న జట్టును మూట కట్టి ఇంకో ఊరికి తీసుకుపోవచ్చు. ఊళ్ళో పిల్లలకు నేర్పిన ఆటను అట్లా తీసుకుపోవడం ఎవరి వల్లా కాదు.

మన వాళ్ళు

ఫుట్‌బాల్‌లో గిరిజనులకు చోటు లేదని ఎవరూ అనలేరు. స్వతంత్ర భారత జట్టుకు ఒలింపిక్స్‌లో మొదటి కెప్టెన్ నాగా గిరిజనుడు తాలిమెరెన్ ఆవ్. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన జెండా పట్టుకుని నడిచింది కూడా ఆయనే. మోహన్ బగాన్‌కు ఆడుతూనే డాక్టరు చదువు చదివి, తిరిగి తన కొండలకే వెళ్ళి వైద్యం చేశారు.

మన తెలుగు నేల మీద గుగులోత్ సౌమ్య ఉంది. నిజామాబాద్ జిల్లా తండా బిడ్డ. 2021లో భారత జట్టుకు ఆడింది. 2022లో క్రొయేషియాలోని డినామో జాగ్రెబ్ క్లబ్‌కు వెళ్ళింది. 2024-25లో ఈస్ట్ బెంగాల్ మహిళల జట్టు ఇండియన్ వుమెన్స్ లీగ్ గెలిచినప్పుడు ఆ జట్టులో ఆమె ఉంది. ఆ ఏడాది దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాల్ క్రీడాకారిణిగా ఎంపికైంది. బలరాం వెళ్ళిన ఈస్ట్ బెంగాల్‌కే ఆరు దశాబ్దాల తర్వాత మన తండా ఆడబిడ్డ వెళ్ళి కప్పు గెలిచిందంటే మా ఛాతీ ఉప్పొంగింది.

మన సీమలోనే అనంతపురంలో ఆర్డీటీ సంస్థ ఊరి పిల్లలకు, అందులో ఆడపిల్లలకు కూడా, ఏళ్ళ తరబడి ఫుట్‌బాల్ నేర్పుతోంది. అదే సంస్థ నల్లమల చెంచు గూడేల్లోనూ పని చేస్తోంది. కాబట్టి దారి లేదనలేం.

మా మాట

గిరిజన పిల్లలకు పరుగు పుట్టుకతోనే వస్తుందని సభల్లో చాలామంది మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోలు మాకు అంతగా నచ్చదు. పుట్టుకతో నేరస్తులని ఒకప్పుడు అన్నారు, పుట్టుకతో పరుగువీరులని ఇప్పుడంటున్నారు. రెండింటిలోనూ మన పిల్లవాడి కష్టానికి లెక్క లేదు. నూర్ మహమ్మద్ పుట్టుకతో ఒలింపిక్స్‌కు పోలేదు. పొద్దున్నే లేచి సాధన చేసి, నెల జీతంతో ఇల్లు గడుపుకుంటూ, మేష్టారు చెప్పింది విని పోయారు.

అందుకే మా సంఘం తరఫున మేము కోరేవి మూడే. మొదటిది, ప్రతి ఆశ్రమ పాఠశాలకూ గురుకులానికీ రాళ్ళు ఏరిన నేల, చాలినన్ని బంతులు. మన సీమ నేలలో రాళ్ళు ఏరడం పిల్లలకూ పెద్దలకూ అలవాటైన పనే, సంఘం తరఫున మేమూ చేయి వేస్తాం. రెండోది, వ్యాయామ ఉపాధ్యాయుడి పోస్టు ఖాళీగా ఉంచకుండా నింపాలి. మూడోది, ఆడే పిల్లకు ఆట వల్ల ఉద్యోగం వస్తుందన్న భరోసా. గూడెం నుంచి మైదానానికి వచ్చే పిల్లవాడి బస్సు చార్జీ మాత్రం ప్రభుత్వం కోసం ఎదురుచూడకుండా మనమే వేసుకుందాం. రహీం మేష్టారు తన జేబులో నుంచే ఇచ్చారు కదా.

పోలీసు అంటే పారిపోయిన తాతల మనవలు రేపు పోలీసు జట్టు చొక్కా వేసుకుని మైదానంలోకి దిగితే చూడాలని మా కోరిక. అప్పుడు ఇట్లాంటి సంచికలో అభిమాన ఆటగాళ్ళ గురించి రాసేవాళ్ళకు మన గూడేల పేర్లు, మన తండాల పేర్లు దొరుకుతాయి.