తక్కువ ఖర్చులో గేమింగ్ కంప్యూటర్: విడిభాగాల ఎంపిక

ఆటల కొరకు విడిభాగాలు కొని కూర్పించుకొనే కంప్యూటరుకు, దుకాణంలో సిద్ధంగా దొరికే కంప్యూటరుకు ముఖ్యమైన భేదం ఒక్కటే. ఏ భాగానికి ఎంత వెచ్చించాలన్నది మొదటిదానిలో కొనేవారే నిర్ణయించుకుంటారు. లాభమూ నష్టమూ ఆ స్వేచ్ఛలోనే ఉన్నాయి. పంట డబ్బు చేతికందినప్పుడు మాత్రమే ఇటువంటి వస్తువు కొనగల కుటుంబంలో ఒక భాగం ఎంపిక తప్పితే, దానిని సరిదిద్దుకొనే అవకాశం మరుసటి ఏడాది వరకు రాకపోవచ్చు. పైగా అదే యంత్రం పిల్లల చదువుకు, దరఖాస్తులకు కూడా పనికిరావాలి. కనుక ఆటను నడిపే భాగానికి ఎక్కువ, యంత్రాన్ని కాపాడే భాగానికి తగినంత, అలంకారానికి చివర మిగిలినది అన్న క్రమాన్ని పాటించడం మేలు.

ముందు ఆట, తరువాత యంత్రం

అన్ని ఆటలకూ ఒకే శక్తి అక్కరలేదు. వాలరెంట్ అనే ఆటను సెకనుకు 60 చిత్రాల వేగంతో ఆడటానికి జీఫోర్స్ జీటీ 730 వంటి చిన్న కార్డు చాలునని దాని తయారీదారులే సూచించారు. సైబర్‌పంక్ 2077కు మాత్రం 2023లో సవరించిన సిఫారసుల ప్రకారం ఆర్‌టీఎక్స్ 2060 సూపర్ స్థాయి కార్డు, 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ కావాలి. ఇంట్లో నిజంగా ఆడబోయే రెండు మూడు ఆటల పేర్లు కాగితంపై వ్రాసుకొని, వాటి అవసరాలు చూచిన తరువాతనే దుకాణానికి వెళ్ళాలి.

తెర కూడా ఈ లెక్కలోనిదే. 1920×1080 తెరపై 20,73,600 చుక్కలుంటాయి. 2560×1440 తెరపై 36,86,400 ఉంటాయి. అనగా గ్రాఫిక్స్ కార్డు ప్రతి చిత్రానికీ సుమారు ఒకటిన్నర రెట్లకు పైగా శ్రమించాలి. తక్కువ ఖర్చులో 1920×1080 తెరయే తగినది.

ఖర్చు పంపకం

ధరలు వారం వారం మారుతుంటాయి. 2025 చివరి నెలల్లో ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. కాబట్టి రూపాయల కంటె వాటాలను గుర్తుంచుకోవడం మంచిది. తెర, కీబోర్డు, యూపీఎస్ విడిచి, మిగిలిన యంత్రానికి 100 రూపాయలనుకుంటే గ్రాఫిక్స్ కార్డుకు 36, ప్రాసెసర్‌కు 17, మదర్‌బోర్డుకు 12, ర్యామ్‌కు 13, ఎస్‌ఎస్‌డీకి 9, ఎస్‌ఎంపీఎస్‌కు 8, క్యాబినెట్‌కు 5 అన్నది మోటు లెక్క. ర్యామ్ ధర పెరిగిన రోజుల్లో దాని వాటా పెరుగుతుంది. ఆ లోటును క్యాబినెట్ అందం నుండి, మదర్‌బోర్డు హంగుల నుండి తగ్గించుకోవాలి గాని ఎస్‌ఎంపీఎస్ నుండి కాదు.

ప్రధాన భాగాలు

గ్రాఫిక్స్ కార్డు: ఆట వేగాన్ని ఎక్కువగా నిర్ణయించేది ఇదే. కొత్త ఆటలకు 8 జీబీ సొంత మెమరీ గల కార్డు మేలు. 2021లో వచ్చిన రేడియన్ ఆర్‌ఎక్స్ 6600 అట్టిదే; అది 132 వాట్ల విద్యుత్తు తీసుకుంటుంది. 2024లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3050, 6 జీబీ రకం 70 వాట్లతోనే నడుస్తుంది. కార్డు కొన్న తరువాత తెర తీగను మదర్‌బోర్డుకు గాక ఆ కార్డుకే తగిలించాలి. లేనిచో కొన్న కార్డు పనిచేయనట్లే ఉంటుంది.

ప్రాసెసర్, మదర్‌బోర్డు: ఈ రెండింటినీ జంటగా ఎంచుకోవాలి. ఆరు కోర్ల రైజెన్ 5 5600 ఏఎం4 సాకెట్‌కు సరిపోతుంది. అది డీడీఆర్4 ర్యామ్‌నే స్వీకరిస్తుంది. 2022లో వచ్చిన ఏఎం5 సాకెట్‌కు డీడీఆర్5 తప్పనిసరి. మొదటిదానిలో ఖర్చు తక్కువ, కాని మున్ముందు పెంచుకొనే దారి ఇరుకు. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ‘ఎఫ్’ ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు, విడిగా కార్డు ఉండి తీరాలి.

ర్యామ్, ఎస్‌ఎస్‌డీ: 16 జీబీని ఒకే ముక్కగా కాక రెండు 8 జీబీ ముక్కలుగా తీసుకుంటే రెండు దారుల్లోనూ సమాచారం నడిచి వేగం పెరుగుతుంది. పెద్ద ఆట ఒక్కటే 100 జీబీ దాటవచ్చు కనుక ఎస్‌ఎస్‌డీ 500 జీబీకి తగ్గరాదు.

విద్యుత్తు విషయం

చాలామంది చివర మిగిలిన డబ్బుతో ఎస్‌ఎంపీఎస్ కొంటారు. నాసిరకం ఎస్‌ఎంపీఎస్ చెడిపోయేటప్పుడు మిగిలిన భాగాలను కూడా చెడగొట్టవచ్చు. లెక్క చూస్తే, ఆర్‌ఎక్స్ 6600కు 132 వాట్లు, ప్రాసెసర్‌కు 65 పైచిలుకు, మిగిలినవాటికి 50 వరకు అనుకుంటే మొత్తం సుమారు 250 వాట్లు. దీనికి పేరున్న సంస్థ చేసిన 450 నుండి 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ సరిపోతుంది. ‘80 ప్లస్’ ముద్ర విద్యుత్తు పొదుపును మాత్రమే తెలుపుతుంది. అధిక వోల్టేజీ, షార్ట్ సర్క్యూట్‌ల నుండి రక్షణ ఉన్నదా అని వేరుగా చూడాలి.

వోల్టేజీ నిలకడ లేని పల్లెల్లో ఎర్తింగ్ సరిగా ఉండటం మొదటి అవసరం. యూపీఎస్‌పై వ్రాసే వీఏ వేరు, వాట్లు వేరు. 600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్ల వరకే మోస్తుంది. 250 వాట్ల యంత్రం గోడ నుండి సుమారు 300 వాట్లు లాగుతుంది. తెర కూడా చేరితే ఆ యూపీఎస్ దాదాపు అంచుకు వస్తుంది. 1000 వీఏ స్థాయిది క్షేమం.

పాత భాగాలు

వాడిన భాగాలతో ఖర్చు తగ్గుతుంది గాని జాగ్రత్త అవసరం. పాత చిన్న కార్డుల పేరు మార్చి కొత్తవిగా అమ్మిన మోసాలు బయటపడినందున, 2018 నుండి జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నకిలీ ఎన్‌విడియా కార్డులను గుర్తించి చూపుతోంది. డబ్బు ఇవ్వకముందే దానితో పరీక్షించి, ఒక ఆటను అరగంట నడిపి చూడాలి. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. ఇంటెల్‌లో 8వ తరానికి ముందరి ప్రాసెసర్లను, కొద్దిపాటి మినహాయింపులతో, విండోస్ 11 అధికారికంగా అంగీకరించదు. పాత ఆఫీసు కంప్యూటరు కొనేవారు దీనిని మరువరాదు.

పొరుగు రాష్ట్రంలో కొనేటప్పుడు

హోసూరు వారికి బెంగళూరు ఎస్.పి. రోడ్డు, నాందేడ్ వారికి సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ అందుబాటులో ఉన్నాయి. 2017 జూలై 1న జీఎస్‌టీ వచ్చిన తరువాత ఈ భాగాలపై పన్ను అన్ని రాష్ట్రాల్లోనూ ఒక్కటే, 18 శాతం. కనుక పన్ను కొరకు హద్దు దాటవలసిన పని లేదు. బిల్లు లేకుండా ఇస్తే తగ్గిస్తామన్న మాటకు ఒప్పుకుంటే వారంటీ చేజారుతుంది. ప్రతి భాగం సీరియల్ సంఖ్యతో బిల్లు తీసుకొని, పెట్టెలను వారంటీ ముగిసేవరకు దాచాలి.

డబ్బు చాలనప్పుడు

అన్నింటినీ నాసిగా కొనడం కంటె ఒకదానిని వాయిదా వేయడం నయం. రైజెన్ 5 5600జీ ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ కలిసే ఉంటుంది. చదువు పనులు, తేలిక ఆటలు దానితో సాగుతాయి. మంచి ఎస్‌ఎంపీఎస్, రెండు ముక్కల ర్యామ్ ముందే పెట్టించుకుంటే, మరుసటి పంటకు గ్రాఫిక్స్ కార్డు ఒక్కటి చేర్చితే చాలు. మొదట కొన్నవాటిలో ఏదీ వృథా కాదు.