హోల్డాన్... రావులపాలెం!

1958 జనవరి 11న మన ఆర్టీసీ పుట్టింది. పుట్టినరోజు పూట అందరూ బస్సుల లెక్కలు చెబుతారు. నాకు మాత్రం ఒక్క మాట చెవిలో మోగుతుంది: హోల్డాన్!

ఇలాంటి ఇంగ్లీషు మాటలు మన నోటికి ఎలా అలవాటయ్యాయంటే పెద్ద కథే. దొరలొచ్చారు, కచేరీలు వెలిశాయి. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన 1852లోనే బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది. 1932లో నైజాం సర్కారు 27 బస్సులతో రవాణా మొదలెట్టింది. మిగతా దారంతా ఒక్క గంతులో దాటేసి, కొత్తపేట మీదుగా రావులపాలెం వచ్చే ఎర్రబస్సు ఎక్కేద్దాం.

నా చిన్నప్పటి మాట. వెనకసీటు పక్కన అరటిగెల, దాని పక్కన గంప, గంప మీద చెయ్యేసుకుని ఓ మామ్మగారు. ఆవిడ లేవగానే కండక్టరు బస్సు రేకు మీద చరిచి ‘హోల్డాన్!’ అని కేకేశాడు. ముందుసీట్లో ఇంగ్లీషు మాస్టారు ఊరుకోలేదు. ‘హోల్డాన్ అంటే పట్టుకోమనీ, కాస్త ఆగమనీనయ్యా. బండి ఆపడానికి స్టాప్ అనాలి.’

‘ఆయ్, పట్టుకోపోతే బ్రేకుకి పడిపోతారు కదండీ మాస్టారూ!’

బస్సంతా నవ్వు. మామ్మగారు దిగిపోయింది. ‘రైట్ రైట్!’

ఇద్దరి మాటా సబబే. ‘హోల్డ్’ పక్కన ‘ఆన్’ చేరితే గట్టిగా పట్టుకోవడమూ అవుతుంది, ఫోనులో ‘ఒక్క నిమిషం’ అనడమూ అవుతుంది. మన ‘పట్టు’ మాత్రం తక్కువదా? పట్టుబడితే దొంగ, పట్టుబడితేనే చదువు, పట్టుబడితే అల్లుడు! వింతేమిటంటే, లండన్ కండక్టర్లు బండి కదిలేటప్పుడు ‘గట్టిగా పట్టుకోండి’ అనేవారు. మనవాళ్లు ఆగడానికి ‘హోల్డాన్’ అన్నారు.

ఆ తర్వాత బస్సుల్లో ఆ కేక తగ్గింది, కథ చిక్కుపడింది. టిక్కెట్లకు మిషన్లొచ్చాయి. చాలా నాన్‌స్టాపుల్లో కండక్టరే లేడు. 2020లో ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వ ఉద్యోగులయ్యారు, 2022లో రావులపాలెం ఉన్న కోనసీమ వేరే జిల్లా అయింది, 2025 ఆగస్టు 15 నుంచి చాలా బస్సుల్లో ఆడవాళ్లకు టిక్కెట్టు డబ్బుల్లేవు. ఇందులో ఏది ఆ కేకను తగ్గించిందో నేను తేల్చలేను.

మొన్న రావులపాలెం అరటి మార్కెట్ దగ్గర నిలబడ్డాను. గెలల కోసం లారీ వెనక్కొస్తోంది. క్లీనరు కుర్రాడు రేకు మీద చరుస్తూ, ‘రానీ... రానీ... రానీ...’

గోడకి జానెడు దూరంలో, ‘హోల్డాన్!’

లారీ ఆగింది. నేనూ అలవాటుగా పక్కనున్న స్తంభం పట్టుకున్నాను.