ఎత్తైన కప్పు, నేలపై ఆసనం: ఖిల్వత్ దర్బారు మందిర అలంకరణ – ఒక పరిశీలన

1. ప్రవేశిక

హైదరాబాదులోని చౌమహల్లా ప్రాసాదం ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఖిల్వత్ ముబారక్ దర్బారు మందిరంలోని 19 బెల్జియం స్ఫటిక దీపగుచ్ఛాలను లెక్కించి, వాటిని నిజాముల ఐశ్వర్యానికి నిదర్శనంగా చూపడం పరిపాటి. ఐశ్వర్యం కాదనలేనిదే. అయితే ఆ దీపాలు కప్పును అంటిపెట్టుకొని ఉండక చాలా దిగువకు ఎందుకు వేలాడుతున్నాయన్న ప్రశ్నకు ఐశ్వర్యం సమాధానం కాదు. ఆ అలంకరణ నేలపై కూర్చున్నవారి చూపును ఆధారం చేసుకొన్నదని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

2. ఎత్తు తెచ్చిన సమస్య

సలాబత్ జంగ్ కాలంలో, 18వ శతాబ్ది మధ్యభాగాన మొదలైన చౌమహల్లా నిర్మాణం అఫ్జలుద్దౌలా పాలనలో (1857–69) పూర్తయింది. దక్కను వేసవిలో వేడిగాలి పైకి చేరితే నేలపై ఉన్నవారికి కొంత ఉపశమనం కలుగుతుంది. రాజసానికి కూడా ఎత్తు అవసరమే. కాని కప్పు ఎంత పైకి పోతే దానిపై చేసిన పని అంత అస్పష్టమవుతుంది. మనుషులకూ కప్పుకూ నడుమ పెద్ద శూన్యం మిగులుతుంది.

అచ్యుతదేవరాయల కాలపు లేపాక్షి వీరభద్రాలయంలో ఈ చిక్కు లేదు. అక్కడ పైకప్పే చిత్రఫలకం. మండపంలో నడుస్తూ తలెత్తిన భక్తుడు గిరిజాకల్యాణం వంటి గాథలను వరుసగా చదువుకోగలడు. దర్బారులో నడక లేదు. కూర్చున్నవాడు ఉన్నచోటునుండే చూడాలి.

3. శూన్యాన్ని నింపిన తీరు

ఖిల్వత్‌లో ఆ శూన్యాన్ని మూడు అంచెలుగా విభజించారు. పైభాగాన స్తంభాగ్రాలనూ కమానులనూ గచ్చుపనితో తీర్చిదిద్దారు. దక్కను నల్లరాయి కఠినమైనది. సున్నపు గచ్చు తడిగా ఉన్నప్పుడు ఎలా మలిస్తే అలా ఒదుగుతుంది. చార్మినారు (1591) నాటినుండీ ఈ నగరానికి అలవాటైన పని ఇది. ఎత్తైన చోట రంగు కన్న ఉబ్బెత్తు పని, అది పరిచే నీడ, దూరానికి బాగా తెలుస్తాయి.

మధ్యభాగం దీపగుచ్ఛాలది. విద్యుత్తు రాకముందు జ్వాల మనుషులకు దగ్గరగా ఉంటే తప్ప వెలుగు చాలదు. అందుకే దీపం కిందికి దిగింది. స్ఫటికపు ముఖాలు చిన్న జ్వాలను అనేకం చేసి, సభపై వెలుగుతో రెండవ కప్పును పరిచాయి. అడుగున పాలరాతి వేదిక, తఖ్త్, ఉంది. చుట్టూ ఉన్నవారు తివాచీపై కూర్చుంటేనే ఆ కొద్దిపాటి ఎత్తుకు అధికార సూచకంగా విలువ. ఈ మూడింటినీ కలిపి చూసినవాడు నేలపై ఆసీనుడైన సభికుడు.

4. మారిన ఆసనం

ఆ చూపుకు 1869లో భంగం కలిగింది. అఫ్జలుద్దౌలా మరణానంతరం మూడేళ్లైనా నిండని మహబూబ్ అలీఖాన్‌ను గద్దెనెక్కించిన సందర్భంలో, పాదరక్షలు విడిచి తివాచీపై కూర్చునే పాత మర్యాదను బ్రిటిష్ రెసిడెంటు పాటించలేదు, కుర్చీపై కూర్చున్నాడు. చరిత్రకారులు దీనిని సార్వభౌమత్వ వివాదంగా వివరించారు. వాస్తుదృష్టితో చూస్తే ఇది కంటిమట్టపు మార్పు కూడా. కుర్చీలో కూర్చున్నవాడి చూపు వేదికపై ఉన్న పాలకుని చూపుకు దాదాపు సమమవుతుంది. దర్బారు మందిరం పూర్తయిన కొద్దికాలానికే దానిని నిర్దేశించిన ఆసనమర్యాద సడలింది.

1884లో వికారుల్ ఉమ్రా ప్రారంభించిన ఫలక్‌నుమా ప్రాసాదం ఈ మార్పు తర్వాతిది. అక్కడి భోజనశాలలో సుమారు నూరుమందికి సరిపడే పొడవైన బల్ల, కుర్చీలు. గ్రంథాలయానికి చెక్కడపు పనితో కూడిన కొయ్య కప్పు. ఎత్తు అక్కడా ఉంది. కాని అలంకరణకు కొలమానం తివాచీ కాదు, కుర్చీ.

5. ముగింపు

చౌమహల్లా పునరుద్ధరణకు 2010లో యునెస్కో ఆసియా–పసిఫిక్ పురస్కారం లభించింది. గచ్చు నిలిచింది, దీపగుచ్ఛాలు మళ్లీ వేలాడుతున్నాయి. అయితే నేటి సందర్శకుడు విద్యుద్దీపాల వెలుగులో, నిలబడి, నడుస్తూ చూస్తాడు. అతనికి కనిపించేవి వస్తువులు. వాటిని కలిపిన చూపు కాదు. ప్రాసాద చరిత్రల రచనలో కప్పు ఎత్తుతోపాటు ఆసనపు ఎత్తునూ, దీపకాంతినీ ఆధారాలుగా స్వీకరించాలి. అప్పుడే దీపాల లెక్క దాటి, అవి ఎవరి కంటి కోసం వెలిగాయో చెప్పగలుగుతాం.