గిరి గారు ఓడిన లెక్క, గెలిచిన లెక్క

1957 లోక్‌సభ ఎన్నికల్లో పార్వతీపురంలో ఆరు వందల లోపు ఓట్ల తేడాతో సీటు పోగొట్టుకున్న కాంగ్రెస్ అభ్యర్థి, పన్నెండేళ్లకు రాష్ట్రపతి అయ్యారు. ఆయనే వి.వి.గిరి. ఆ ఓటమినీ ఈ గెలుపునీ తేల్చింది ఓట్లను లెక్కగట్టిన తీరు. ఈ సంగతి తెలిశాక దాని కూపీ లాగకుండా ఉండలేకపోయాను.

పార్వతీపురం అప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. తర్వాత అది చేరిన విజయనగరం జిల్లా 1979లో గానీ పుట్టలేదు. పార్వతీపురం అప్పట్లో ద్విసభ్య నియోజకవర్గం: ఒకటి జనరల్ సీటు, ఒకటి గిరిజనులకు రిజర్వు. ఓటరు చేతిలో రెండు బ్యాలెట్ కాగితాలు పెట్టేవారు. ముద్ర వేసే పని లేదు. తెర వెనక అభ్యర్థికో పెట్టె, దాని మీద ఆయన గుర్తు. ఒక కాగితం ఒక పెట్టెలో, రెండోది ఇంకో పెట్టెలో వేసి రావాలి. రెండూ ఒకే పెట్టెలో వేస్తే ఒకటే చెల్లేది.

పోటీలో నలుగురు. లెక్క తేలాక బిడ్డిక సత్యనారాయణ మొదట, డిప్పల సూరిదొర రెండోచోట నిలిచారు. ఇద్దరూ గిరిజనులే. మూడో స్థానంలో ఉన్న గిరి జనరల్ సీటు తనదేనన్నారు. చట్టం ఒప్పుకోలేదు. ముందు రిజర్వు సీటును ఎక్కువ ఓట్లొచ్చిన గిరిజన అభ్యర్థికి ఇవ్వాలి. ఆ తర్వాత మిగిలినవాళ్లలో ఎవరికి ఎక్కువ వస్తే వాళ్లదే రెండో సీటు, ఏ కులమైనా సరే. గిరి కోర్టుకెక్కారు. సూరిదొర మూకదొర తెగను వదిలి క్షత్రియుడైపోయాడని కూడా వాదించారు! 1959లో సుప్రీంకోర్టు ఆ వాదనలన్నీ తోసిపుచ్చింది. జనరల్ సీటు మీద గిరిజనుడికీ అంతే హక్కుందని తేల్చిన తీర్పది. నా మటుకు నాకు అది న్యాయమే.

1961లో ద్విసభ్య నియోజకవర్గాలనే ఎత్తేశారు. గిరిజనుడంటే రిజర్వు సీటుకే అన్న అలవాటు ఆ తర్వాత బాగా ముదిరింది. పోయింది రెండో కాగితం ఒక్కటే కాదు.

రెండు సీట్లున్నా, ఆ రెండు కాగితాల పద్ధతి దామాషా కాదు. వచ్చిన ఓట్లకు తగ్గట్టు సీట్లు పంచే దామాషా లెక్కలు యూరప్‌లో 19వ శతాబ్దంలో వేళ్లూనాయి. ఓటరు 1, 2, 3 అని ప్రాధాన్యాలు రాసే ఓటు బదిలీ పద్ధతిని ఇంగ్లండులో థామస్ హేర్ ప్రచారంలోకి తెచ్చాడు. గెలవడానికి ఎన్ని ఓట్లు చాలో చెప్పే కోటాను 1868లో డ్రూప్ కుదించాడు: చెల్లిన ఓట్లను సీట్ల కన్నా ఒకటి ఎక్కువతో భాగించి, ఒకటి కలపడమే. బెల్జియంలో డోంట్ పార్టీల ఓట్లను 1, 2, 3తో వరసగా భాగించి, పెద్ద ఫలితాలకు సీట్లిచ్చాడు. అదే లెక్క 1792లోనే అమెరికాలో జెఫర్సన్ వేశాడు, రాష్ట్రాలకు సీట్లు పంచడానికి.

మన రాజ్యాంగ సభ సభ్యుల్ని 1946లో ప్రాంతీయ శాసనసభలు ఎన్నుకున్నది ఓటు బదిలీతోనే. అదే సభలో 1949లో లోక్‌సభకూ దామాషా కావాలంటే అంబేద్కర్ వద్దన్నారు. అక్షరాస్యత తక్కువ, ప్రభుత్వాలు నిలవవు అన్నారు. రెండో మాట సరే. మొదటిదానికి పార్వతీపురం ఓటర్లు రెండు కాగితాలతో జవాబు చెప్పారనే నా వాదన.

రాష్ట్రపతి ఎన్నికకు మాత్రం రాజ్యాంగం దామాషా పేరే పెట్టింది. ఒక్క కుర్చీకి దామాషా ఏమిటో! 1969లో చెల్లిన ఓట్ల విలువ 8,36,337, కోటా 4,18,169. మొదటి ప్రాధాన్యంలో గిరికి 4,01,515, ఆయన ప్రత్యర్థులు సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769. ఎవరూ కోటా అందుకోలేదు. తక్కువ వచ్చినవాళ్లను తప్పించి, వాళ్ల ఓట్లను తర్వాతి ప్రాధాన్యాల ప్రకారం మిగతావాళ్లకు బదిలీ చేశారు. దేశ్‌ముఖ్ ఓట్లలో ఎక్కువ భాగం రెడ్డికే వెళ్లినా, గిరి 4,20,077తో గట్టెక్కారు.

ఇప్పుడు విజయనగరంలో ఓటర్లకు ఆ ఓటు బదిలీ లెక్క ఎదురయ్యేది పట్టభద్రుల, ఉపాధ్యాయుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో. అక్కడిచ్చే ఊదారంగు స్కెచ్ పెన్నుతో 1 అని రాసి ఊరుకునేవారు చాలామంది. మీకు ఓటుంటే 2, 3 కూడా రాసి రండి.