వైమానిక ఛాయాచిత్రాలతో భూమి కొలత: కర్నూలు, కడప ప్రాంతం

ఆకాశం నుంచి తీసిన ఫోటోల ఆధారంగా నేల మీది దూరాలు, విస్తీర్ణాలు, ఎత్తులు లెక్కగట్టే విద్యను వైమానిక ఫోటోగ్రామెట్రీ అంటారు. కర్నూలు, నంద్యాల, కడప పల్లెల్లో ఇది ‘డ్రోన్ సర్వే’గానే పరిచయం. 2020 డిసెంబరు 21న అప్పటి కృష్ణా జిల్లా తక్కెళ్లపాడులో మొదలైన రాష్ట్ర భూముల రీసర్వే దీన్ని పొలం గట్ల దాకా తెచ్చింది. సిమెంటు సున్నపురాయి గనుల్లోనూ దీని వాడకం ఉంది.

ఈ సీమకు కొలత కొత్త కాదు. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి దత్తం చేసిన జిల్లాలకు కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఉన్న కాలంలో పొలం పొలం కొలిపించాడు. అప్పటి గొలుసు 33 అడుగులు; ఆ గొలుసు చదరాలు నలభై అయితే ఒక ఎకరం. తర్వాతి సర్వేల్లో తయారైన ఎఫ్ఎంబీ (పొలం కొలతల పుస్తకం) పటాలు, 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం, పాతిన రాళ్లే ఇటీవలి వరకు హద్దు తగాదాలకు ఆధారం.

ఫోటోను పటంగా నేరుగా వాడటానికి వీల్లేదు. కెమెరాకు దగ్గరున్న గుట్ట పెద్దదిగా, దూరంగా ఉన్న వాగు చిన్నదిగా పడతాయి. అందుకే గణిత నమూనా కావాలి. నేల మీది బిందువు, లెన్సు కేంద్రం, ఫోటోలో దాని ప్రతిబింబం ఒకే సరళరేఖపై ఉంటాయన్నది మూల సూత్రం. ఫోటో తీసిన క్షణంలో కెమెరా ఉన్న చోటుకు మూడు నిరూపకాలు, అది వాలిన తీరుకు మూడు కోణాలు: ప్రతి ఫోటోకూ ఈ ఆరూ తేల్చాలి. ఇక కెమెరా లోపలి లెక్కలు: నాభ్యంతరం, ఫోటోలో అక్షం తగిలే బిందువు, లెన్సు అంచుల దగ్గర గీతలను వంచే దోషాల గుణకాలు. ఈ దోషాల నమూనాకు నేటికీ డ్యుయేన్ బ్రౌన్, ఏ.ఈ. కాన్రడీల పేర్లే వాడుకలో ఉన్నాయి. ఒకదానిపై ఒకటి పడే వందల ఫోటోల్లో ఉమ్మడి బిందువులను కంప్యూటరు గుర్తించి, అన్ని సమీకరణాలనూ ఒకేసారి, దోషాల వర్గాల మొత్తం అతి తక్కువయ్యేలా సాధిస్తుంది.

ఎర్రమలలకూ నల్లమలకూ నడుమ కుందూ లోయలోని రేగడి నేలలు ఈ లెక్కకు చిక్కు తెస్తాయి. చూడ్డానికి ఇంతకంటే సులువైన నేల ఉండదు: చెట్లు తక్కువ, ఆకాశం నిర్మలం. అయితే నేల చదునుగా ఉండి, కెమెరా ఎప్పుడూ నిట్టనిలువుగా కిందికే చూస్తే, నాభ్యంతరం కాస్త ఎక్కువైందో డ్రోను కాస్త ఎత్తున ఎగిరిందో సమీకరణాలు విడదీయలేవు. 35 మిల్లీమీటర్ల నాభ్యంతరంలో మిల్లీమీటరులో వందో వంతు తప్పినా, 120 మీటర్ల ఎత్తు నుంచి అది మూడు సెంటీమీటర్లకు పైబడిన తేడా. లెన్సు దోషాన్ని సరిగ్గా అంచనా వేయకపోతే చదును పొలం నమూనాలో బోర్లించిన పళ్లెంలా ఉబ్బుతుంది. కొన్ని ఫోటోలు ఏటవాలుగా తీయడం, కొన్ని వరసలు అడ్డంగా, వేర్వేరు ఎత్తుల్లో ఎగరడం దీనికి విరుగుడు.

అసలు భరోసా మాత్రం నేల మీదే ఉంది. సున్నంతోనో పెయింటుతోనో వేసిన గుర్తులను జీపీఎస్ రోవరుతో కొలిచి నమూనాకు లంకె వేస్తారు. రీసర్వే కోసం భారత సర్వే సంస్థతో కలిసి రాష్ట్రం ఏర్పాటు చేసుకున్న ‘కార్స్’ కేంద్రాలు ఈ రోవర్లకు సవరణలు అందిస్తాయి. కొన్ని గుర్తులను లెక్కలో కలపకుండా పక్కన పెట్టి, చివర్లో వాటితో పోల్చి చూడాలి. ఆ పోలిక అంకెలు లేని నివేదిక ఎంత రంగుల్లో ఉన్నా నమ్మదగింది కాదు.

ఎత్తు పల్లాలు తెచ్చే జరుగుడు మరో సంగతి. 120 మీటర్ల ఎత్తున ఉన్న కెమెరాకు నేరుగా కింది చోటు నుంచి 60 మీటర్ల దూరంలో ఆరు మీటర్ల మేడ ఉంటే, దాని పైకప్పు అంచు నేల మీద మూడు మీటర్లకు పైగా బయటికి జరిగినట్టు కనిపిస్తుంది. గండికోట లాంటి లోయ అంచున ఈ జరుగుడు ఇంకా ఎక్కువ. ఎత్తుల నమూనా కట్టి, ప్రతి బిందువునూ నిలువుగా చూసినట్టు సర్దిన చిత్రమే ఆర్థోఫోటో. రీసర్వే పటాలు గీసేది దాని మీదే. మైలవరం, శ్రీశైలం జలాశయాల నీటి మీద పోల్చడానికి స్థిరమైన బిందువులు దొరకవు కాబట్టి అక్కడ ఈ పద్ధతి చేతులెత్తేస్తుంది.

భూమిని నిలువు మండలాలుగా (జోన్లుగా) విడదీసే యూటీఎం నిరూపకాలు వాడేవారికి ఈ ప్రాంతంలో ఒక ప్రత్యేక జాగ్రత్త. 43, 44 మండలాలను వేరుచేసే 78 డిగ్రీల తూర్పు రేఖాంశం కర్నూలు పట్టణానికి కాస్త పడమరగా పోతుంది. ఆదోని, ఎమ్మిగనూరు 43లో. కర్నూలు, నంద్యాల, కడప 44లో. పైగా మండలం అంచున పటం మీది కిలోమీటరు నేల మీది కిలోమీటరు కంటే 80 సెంటీమీటర్లు పైనే ఎక్కువ చూపుతుంది. సవరించకుండా విస్తీర్ణం కడితే ఎకరాకు సెంటులో ఆరో వంతు తేడా వస్తుంది. సాఫ్ట్‌వేరు దాని గురించి హెచ్చరించకపోవచ్చు.

యర్రగుంట్ల వైపు సున్నపురాయి గనుల్లో కొలతలో తేడా రాయల్టీలో తేడాగా మారుతుంది. 2021 నవంబరులో సవరించిన ఖనిజ సంరక్షణ నిబంధనల ప్రకారం 50 హెక్టార్లు, అంతకు మించిన లీజులకూ, ఏటా పది లక్షల టన్నులు, అంతకు మించి తవ్వే ప్రణాళిక ఉన్నవాటికీ ఏటా డ్రోన్ సర్వే తప్పనిసరి. హెక్టారు గనిలో ఎత్తు పది సెంటీమీటర్లు తప్పితే వెయ్యి ఘనపు మీటర్లు, అంటే దాదాపు 2,500 టన్నుల రాయి లెక్క తారుమారవుతుంది.

పొలం హద్దుల విషయంలో కెమెరా చేయలేనిది ఒకటుంది. గట్టు ఎక్కడుందో అది సెంటీమీటర్లలో చెప్పగలదు. ఆ గట్టు ఎవరు జరిపారో, పంపకాల్లో ఎవరి వాటా ఎంతో చెప్పలేదు. రీసర్వే తర్వాత వచ్చిన విస్తీర్ణం ఫిర్యాదుల్లో లెన్సు తప్పులను, హద్దు చూపడంలో వచ్చిన తప్పులను విడివిడిగా చూడాలి. అందుకే కొత్త ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు కింద విస్తీర్ణం తగ్గినట్టు కనిపిస్తే రైతు ముందుగా అడగవలసింది ఆర్థోఫోటో మీద తన హద్దు గీసిన కాపీ. దాన్ని పట్టుకుని పక్క రైతుతో, సర్వేయరుతో కలిసి గట్టు వెంట నడవాలి.