తొలినాటి అమెరికా మిలీషియా: అధికారుల నియామకము

మిలీషియా యనగా నిత్యసైన్యము గాదు; అవసరము కలిగినపుడు ఆయుధము చేపట్టవలసిన పౌరుల సమూహము. 1792 మే 8వ తేదీన అమెరికా కాంగ్రెసు చట్టము, కొన్ని మినహాయింపులు పోగా, 18 ఏండ్లు నిండి 45 ఏండ్లు నిండని, దేహదార్ఢ్యము గల స్వతంత్ర శ్వేతజాతి పురుషుల నందఱిని ఇందు చేర్చినది. వీరిపై అధికారులను నియమించువా రెవరను ప్రశ్న పైకి పదవుల పంపకమునకు చెందినదిగా కానవచ్చును. ఆయుధధారి యెవరికి జవాబుదారి యను ప్రశ్నయే దానిలో దాగియున్నదని మేము తలంచుచున్నాము.

1787లో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగ రచనకై సమావేశమైన ప్రతినిధులు దీనిని తేలికగా నెంచలేదు. జూన్ 18న హామిల్టన్ ఈ అధికారులను కేంద్రమే నియమింపవలెననెను. ఆగష్టు 23న మాడిసన్ మధ్యేమార్గమును సూచించెను: జనరల్ స్థాయికి దిగువ వారిని మాత్రమే రాష్ట్రములు నియమింపవలెను. స్వేచ్ఛకు పెద్ద నిత్యసైన్యమే మహాపాయమనియు, దానిని నివారించుటకు సమర్థమైన మిలీషియా కావలెననియు ఆయన వాదము. షెర్మన్ ఇది ఎంతమాత్రము అంగీకరింపరానిదనెను. మూడు రాష్ట్రములు అనుకూలముగను, ఎనిమిది ప్రతికూలముగను ఓటు చేసినవి. కావున మిలీషియా నిర్మాణమును, శిక్షణనియమములును కాంగ్రెసు వశమైనవి. అధికారుల నియామకము రాష్ట్రములకే మిగిలినది.

అయితే రాష్ట్రమున ఆ యధికార మెవరిది? వర్జీనియాలో 1776 రాజ్యాంగము ననుసరించి, కౌంటీ న్యాయస్థానముల సిఫారసుపై గవర్నరు తన సలహామండలితో నాలోచించి ఖాళీలను పూరించెడివాడు. న్యూయార్కులో 1777 నుండి గవర్నరును, నలుగురు సెనేటర్లును గల మండలి నియామకములు చేసెడిది. 1821 రాజ్యాంగము కెప్టెన్ల యెన్నికను దళసభ్యులకే యొసగెను. మసాచుసెట్సులో 1780 నుండియే దళమువారు తమ కెప్టెన్లను వ్రాతపూర్వకమైన ఓటుతో నెన్నుకొనిరి. మేజరు జనరళ్లను మాత్రము శాసనసభలు నియమించెడివి. టెన్నెసీలో 1802లో మేజరు జనరల్ పదవికి జాక్సన్, సెవియర్ అనువారికి అధికారుల ఓట్లు సమానముగా రాగా, గవర్నరు రోన్ జాక్సన్ పక్షమున నిర్ణయించెను. రాష్ట్రాధికార మను నొక్క మాటక్రింద ఒకచోట స్థానిక న్యాయాధికారుల మాటయు, మఱియొకచోట సామాన్య సైనికుని ఓటును చెల్లినవి.

1812లో బ్రిటనుతో యుద్ధము రాగా ఈ ప్రశ్నకు పరీక్ష యేర్పడెను. మసాచుసెట్సు గవర్నరు స్ట్రాంగ్, కేంద్రము కోరిన మిలీషియాను పంపక, తమ ఉన్నత న్యాయస్థాన న్యాయమూర్తుల యభిప్రాయ మడిగెను. విపత్తు గలదా లేదా యని నిర్ణయించువాడు గవర్నరనియు, దేశాధ్యక్షుడు దక్క కేంద్రసైన్యాధికారు లెవ్వరును మిలీషియాపై ఆజ్ఞ చేయరాదనియు వారు పలికిరి. నియామకాధికారము ఇట్లు ఆజ్ఞాధికారముగా విస్తరించినది. 1827లో మార్టిన్, మాట్ వ్యాజ్యమున కేంద్ర సుప్రీంకోర్టు విపత్తు నిర్ణయము అధ్యక్షునిదే యని తీర్పు చెప్పెను.

దీనినిబట్టి 1787 నాటి ఓటు వివాదమును ముగింపలేదనియు, దానిని నియామకమునుండి ఆజ్ఞకు మరల్చినదనియు మేము నిర్ణయించుచున్నాము. ఆ తీర్పు తరువాతను నియామకము రాష్ట్రములకే నిలిచెను. ఎప్పుడు పిలువవలెనను నిర్ణయము మాత్రము వారి చేజారెను. రాష్ట్రములు కోరిన రక్షణలో సగమే వారికి దక్కినది.